పైన ఒక్కటి వేరుతోని

రాండ్రి, ఇట్ల దగ్గరికి జరిగి కూసోండ్రి. నా ఈడు వాళ్లయితే గోడకు ఆనుకోండ్రి, మోకాళ్లకు కొంత సుఖం. చిన్నవాళ్లయితే ఆ సెల్లు కాసేపు బోర్లించి పెట్టుండ్రి. నేను చదివింది తక్కువ, అక్షరాలు కూడబలుక్కొని రాసేదాన్ని. అయినా కంటితో చూసింది, చేతితో తాకింది మాత్రం ఎన్నేండ్లయినా నా యాదిలో నుంచి పోదు. అందుకే ధైర్యం చేసి రాస్తున్న.

మొన్నటి శ్రావణంలో, వాన తెరిపి ఇయ్యని ఒక పొద్దున, మా కోడలు సుచిత్ర చౌరస్తా కాడికి కూరగాయలకని పోయి, తిరిగి వస్తూ ఒక కవరు సంబురంగా తెచ్చి నా ముందు పెట్టింది. అడవి పుట్టకొక్కులట. చాలా మంది పుట్టగొడుగులు అంటరు, మా దిక్కు పుట్టకొక్కులనే అంటం. దుకాణంలో డబ్బాల్లో పెట్టి అమ్మే గుండ్లలాంటివి కాదు, వానకు నేలను పలగ్గొట్టుకొని లేచేవి. నాకు ఇష్టమని నా నోట ఎన్నోసార్లు విన్నది గనక, రోడ్డు పక్కన బుట్ట పెట్టుకొని కూర్చున్న ఒకామె దగ్గర బేరం కూడా ఆడకుండా కొన్నదట. నేను పాత పేపరు పరిచి, ఒక్కొక్కదాన్ని బోర్లేసి, వెల్లకిల వేసి, కాడ చూసి, వాసన చూసిన. అన్నీ కాడ దగ్గర నున్నగా కోసి ఉన్నయి. ఒక్కదానికీ వేరు లేదు, మన్ను అంటిన గుర్తు లేదు. ఎవరో కడిగి తుడిచి మరీ పెట్టిండ్రు. అవి శుభ్రంగా ఉన్నకొద్దీ నాకు అనుమానం ఎక్కువైంది.

ఇవి పొయ్యి మీదికి ఎక్కవు బిడ్డా అన్న. కోడలు సెల్లు తీసి, ఫొటో కొట్టి, అందులో వచ్చిన పేరు చదివి వినిపించింది. "చూడండి అత్తమ్మా, తినేవేనని ఇందులో కూడా వచ్చింది" అన్నది.

"అది గొడుగును చూసింది బిడ్డా. గొడుగు కింద నేలను చూసిందా?"

ఆ పిల్ల సెల్లు బోర్లించింది. కవరు మూతికి ముడి వేసి ఒక పక్కకు పెట్టింది. ముడి వేస్తున్నప్పుడు దాని మొఖం చూసి నా గుండె కలుక్కుమన్నది. ఎందుకంటే ఆ మొఖం నాకు తెలుసు. ఎన్నో ఏండ్ల కింద, రావల్కోల్‌లో, ఒక వాకిట్లో గంప పట్టుకొని నిలబడ్డ కొత్త కోడలి మొఖం అది. నా మొఖం.

నేను పుట్టింది శామీర్‌పేట చెరువు పక్కన. మా నాయిన చెరువులో వల వేసేటోడు. ఏ మూలన వేస్తే ఏ చేప పడుతదో ఆయనకు, ఆయన తెప్పకు తప్ప ఇంకెవరికీ తెలవదు. అడిగినోళ్లకు అటు చెయ్యి చూపి తాను ఇటు పోయేటోడు. మా అమ్మదీ అదే గుణం, కాకపోతే ఆమె వేట అడవిలో. మిరుగం కార్తె వానలు పడి, ఆరుద్ర పురుగులు నేల మీద ఎర్రగా పాకి, ఆ వెనుక ఉరుములు బలపడినయంటే చాలు, అమ్మ నెత్తి మీద గోనెసంచి కప్పుకొని తునికి చెట్లు, మోదుగులు, సీతాఫలం పొదల నడుమ మాయమయ్యేది. పొద్దెక్కేసరికి గంప నిండా కొక్కులతో, పైన మోదుగాకులు కప్పుకొని వచ్చేది. ఏ దిక్కు నుంచి వచ్చిందో తెలవకుండా ఊరు చుట్టు తిరిగి ఇంకో దిక్కు నుంచి వచ్చేది.

మా అమ్మకు అందరం ఆడపిల్లలమే. ఒక్కొక్క బిడ్డకు లగ్గం కుదిరినంక, ఆ బిడ్డను ఒక్కదాన్నే అడవికి తోల్కపోయి, కొక్కులు లేచే ఒక్కొక్క చెదపుట్ట చూపించి, ఇది నీది అనేది. బిందె, పళ్లెం ఇచ్చినట్టే పుట్టను ఇచ్చేది. నీ మొగనికి చెప్పకు, అత్తకు చెప్పకు, నీ అక్కచెల్లెండ్లకు కూడా చెప్పకు, నీకు ఆడబిడ్డ పుట్టి పెండ్లీడుకు వస్తే దానికి మాత్రం చెప్పు. అది అమ్మకు వాళ్లమ్మ పెట్టిన కట్టు. నాకు వచ్చిన పుట్ట శామీర్‌పేట నుంచి రావల్కోల్ దిక్కు పోయే బాటకు లోపలగా ఉండె. అత్తగారింటి నుంచి కూడా నడిచి పోయి రావచ్చని అమ్మ నాకు దాన్నే ఏరి పెట్టింది.

కొక్కును ఎట్ల గుర్తుపట్టాలెనో ఆ దినమే చెప్పింది. చెదపుట్ట మీదనో, దాన్ని ఆనుకొనో లేవాలె. గడ్డిలో లేచింది, పెంట మీద లేచింది మనది కాదు. గొడుగు నడినెత్తిన బొడిపె ఉండాలె, గొడుగు కింద మడతలు మడతలుగా ఉండే రెక్కలు తెల్లగా ఉండాలె, చేతిలో పట్టుకుంటే తడిపిన పిండి వాసన రావాలె. మెడకు ఉంగరం లాంటి పొర ఉన్నా, నెత్తి మీద పొలుసులు ఉన్నా, ముదిరితే కింది రెక్కలు ఆకుపచ్చగా తిరిగినా, దాని జోలికి పోవద్దు. "పొలుసున్న చేపకు ఎగబడే ఇల్లు మనది. గీ పొలుసుకు మాత్రం ఎగబడకు" అని నవ్వింది. ఇంకొక మాట కూడా చెప్పింది, ఈ కథంతా దాని చుట్టే తిరుగుతది. కొక్కును పీకొద్దు. కొడవలి మొనతో నేల మట్టానికి కోసి, మిగిలిన మొదలు మీద మన్ను కప్పి, పైన ఒక ఆకు వేసి రావాలె. వేరు పుట్ట కడుపులోకి పోయి ఉంటది. దాన్ని గుంజితే పుట్ట కడుపు చిరుగుతది, వచ్చే ఏడు లేవవు.

ఇదంతా చదివి మీరు సంచి పట్టుకొని అడవికి బయలుదేరకండ్రి. మాకు చేతిలో పెట్టి నేర్పినోళ్లు ఉండిరి, కాగితం మీది మాటతో అయ్యే పని కాదు.

రావల్కోల్‌లో మా అత్తగారిది వ్యవసాయం ఇల్లు. మక్కలు, జొన్నలు, బాయి కింద కొంత వరి. ఆ ఇంట్లో కూడా కొక్కులు తినేటోళ్లే, కాకపోతే వాళ్ల పద్ధతి వేరు. పలుగుతో తవ్వి, వేరంతా మన్నుతో సహా లేపి ఇంటికి తెచ్చేటోళ్లు. వాకిట్లో మా ఆయన నాయినమ్మ కూర్చొని, ప్రతి వేరునూ వేళ్లతో కొన దాకా తడిమి, సరే అన్నంకనే లోపలికి పోవాలె. ఆమెను ఇంటిల్లిపాదీ అవ్వ అనేటోళ్లం. అవ్వకు రెండు కండ్లలో శుక్లాలు పాలమీగడ తీరుగా కమ్ముకొని ఉండె, పొద్దూ మాపూ తేడా తప్ప మనిషి ఆనవాలు తెలవకపోయేది. పెంట మీద లేచిన దొంగకొక్కుకు వేరు ఉండదు, పుట్టలో లేచిన దానికి జానెడు వేరు లోపలికి ఉంటది. వేరు చూపించని కొక్కు పొయ్యి ఎక్కదు. అది అవ్వ పెట్టిన కట్టు.

దానికి కారణం ఉండె. అవ్వ చిన్నపిల్లగా ఉన్నప్పుడు ఆమె చెల్లె పెంటకుప్ప పక్కన లేచిన తెల్లటి కొక్కులు ఒడి నిండా ఏరుకొచ్చిందట. ఇంట్లో పసుపు వేసి చూసిండ్రు, వెండి కడియం వేసి చూసిండ్రు, ఏదీ నల్లబడలేదట. పురుగు తొలిచింది గనక విషం కాదని ఎవరో పెద్దమనిషి చెప్పిండట. తిన్నోళ్లందరూ కక్కుకొని కక్కుకొని ఎట్లనో లేచిండ్రు, చెల్లె లేవలేదు. అందుకే పసుపు, వెండి, పురుగు అనే మాటలు ఎవరన్నా ఎత్తితే అవ్వ లేచి అవతలికి పోయేది.

ఇగ మా అత్త సంగతి. పుట్టిన పిల్లలు పోంగ పోంగ మిగిలిన ఒక్క కొడుకు మా ఆయన. ఆయన తిన్న కంచం, తాగిన చెంబు, తొడిగిన అంగీ, అన్నింటి మీదా ఆమె కన్ను ఉండేది. పెండ్లయిన కొన్నాళ్లకే ఆమెకు ఒక అనుమానం పట్టుకున్నది. నేను ఆమె కొడుక్కు మందు పెడుతున్ననని. మందంటే రోగానికి ఇచ్చేది కాదు. కూరలోనో, పాలలోనో కలిపి మొగణ్ణి కొంగుకు కట్టేసుకుంటరని మా దిక్కు ఒక నమ్మకం, ఇప్పటికీ పోలేదు. ఆ అనుమానానికి నెయ్యి పోసింది మా ఆయనే. ఆషాఢంలో అత్తా కోడలు ఒక్క కప్పు కింద ఉండొద్దు గనక నన్ను మా అమ్మగారింటికి పంపిండ్రు. ఆయన ఒకనాడు విత్తనాలని, ఇంకొకనాడు నాగలి కర్రు అని, ఏదో ఒక సాకు చెప్పి సైకిలెక్కి శామీర్‌పేట వచ్చేటోడు. విత్తనాలు లేవు, కర్రు లేదు, ఖాళీ సంచితో ఇంటికి పోయేటోడు. ఆ ఖాళీ సంచి చూసి చూసి మా అత్త ఒక లెక్కకు వచ్చింది.

ఆషాఢం దాటినంక నాయిన నన్ను సైకిలు మీద ఎక్కించుకొని దింపడానికి బయలుదేరిండు. ముందురోజంతా ఉరిమి ఉండె. అడవి దగ్గరికి రాంగనే నేను ఆపమన్న. నాయిన సైకిలు ఆపి, బీడీ ముట్టించి, అడవికి వీపు పెట్టి నిలబడ్డడు. నేను ఏ దిక్కు పోతున్ననో చూడొద్దని ఆయనకు తెలుసు. చూడలేదు. పుట్ట మీద కొక్కులు కిక్కిరిసి లేచి ఉండె, కొన్ని ఇంకా మొగ్గలు, కొన్ని అప్పుడే విప్పుతున్నయి. నా పుట్ట మీద నేను కోసిన మొదటి పంట. ఒక్కొక్క మొదలుకు మన్ను కప్పి, ఆకు వేసి, గంప నిండా తెచ్చిన. అత్తగారింటికి మొదటిసారి నా సొంతంగా ఏదో తీసుకపోతున్నన్న సంబురంతో, ఇంత మొఖం చేసుకొని వాకిట్లో దిగిన.

అత్త మోదుగాకు ఎత్తి చూసింది. ఒకటి తీసి తిప్పింది. ఇంకొకటి తీసి తిప్పింది.

"వేర్లేవే?"

"కోసుకొచ్చిన అత్తా. మా అమ్మగారింట్ల పీకరు."

"మీ అమ్మ పీకదు, మీ అమ్మ చెప్పదు, మీ అమ్మ సూపదు. ఏడ కోసినవ్?"

నేను నేల చూపులు చూసిన. అడవిల అన్న. అడవిల ఏడ అన్నది. పుట్ట మీద అన్న. ఏ పుట్ట అన్నది. నేను గంప మీద మోదుగాకు సర్దిన.

"ఏడ కోసినవో చెప్పవు, వేరు సూపవు, నెలంతా అమ్మకాడ కూసోని వచ్చి ముందుగాల నా కొడుకు కూట్లెకు గంప తెచ్చినవ్. ఏం కలిపిందే మీ అమ్మ?"

మా నాయిన అక్కడే ఉన్నడు. ఆయన మెడలో తువాల తీసి భుజం మీద వేసుకున్నడు, మళ్లీ మెడలో వేసుకున్నడు. ఆ ఇంటి నీళ్లు కూడా ముట్టకుండా సైకిలెక్కి పోయిండు. అత్త గంప ఎత్తుకపోయి పెంటకుప్ప మీద బోర్లించింది. కోళ్లు వచ్చి కెలికినయి. అవి తింటయా, తింటే ఏమైతయి అని అత్త పొద్దుగూకే దాకా అరుగు మీద కూర్చొని కోళ్లను కావలి కాసింది. అవి మంచిగ తిని, మంచిగ గంపకింద ముడుచుకున్నయి. పక్కింటామె చూసి, ఇగో వదినా కోళ్లు బాగనే ఉన్నయి గదా అంటే, మా అత్త అన్నది, "కోడికెందుకు పారుతది? మందు మొగోనికి పెట్టింది." ఇప్పుడు రాస్తుంటే నాకే నవ్వు వస్తున్నది గానీ, ఆనాడు ఆ మాట నా నెత్తిన పిడుగు.

ఆ దినం నుంచి నన్ను పొయ్యి దగ్గరికి రానియ్యలేదు. నా చేతి నీళ్లు మా ఆయనకు ఇయ్యనియ్యలేదు. ఆయన అన్నం తింటుంటే అత్త పక్కన కూర్చునేది, నేను గడప అవతల నిలబడేదాన్ని. మా ఆయన చెడ్డవాడు కాదు, కాకపోతే తల్లి కంట్లో నీళ్లు చూస్తే ఆయనకు మాట రాదు. ఒక్కసారి మాత్రం బాయి కాడ ఎవరూ లేనప్పుడు అడిగిండు, "ఏడ కోసినవో నాకన్న చెప్పరాదే, నేను పోయి చూసి అమ్మకు చెప్త." చెప్పలేదు. చెప్తే ఆయన తల్లికి చెప్తడు, తల్లి ఊరికి చెప్తది, ఊరు పలుగులు పట్టుకొని పోతది. నా తల్లి ఇచ్చింది, నేను కనబోయే బిడ్డకు ఇయ్యాల్సింది, అది ఒక్కటే నాదని ఉండె. అది నా మొండితనం అనుకున్నడు. చివరికి ఊళ్లో పెద్దమనుషుల ముంగట కూసోబెట్టి మాట్లాడాలని అత్త అన్నది. అంటే దాని అర్థం, నన్ను శామీర్‌పేటకు తిరిగి పంపుతరు. ఆ రోజుల్లో మందు పెట్టిందన్న పేరుతో తిరిగిపోయిన పిల్లను మళ్లీ ఏ ఇల్లూ రానియ్యదు, దాని చెల్లెండ్లకు సంబంధాలు రావు. నా వెనుక ఇంకా లగ్గం కాని చెల్లెండ్లు ఉండిరి. నా ముందు రెండే బాటలు, పుట్ట చెప్పాలె, లేదంటే ఇల్లు ఇడవాలె.

ఇదంతా అవ్వ వాకిట్లో కూర్చొని వింటనే ఉండె. ఒకనాడు అత్త చేను దిక్కు పోయినంక, తన కర్ర కోసం తడుముకుంటూ నన్ను పిలిచింది.

"ఓ పిల్లా, నన్ను తోల్కపో."

"యాడికి అవ్వా?"

"నీ పుట్ట కాడికి. నాకు కండ్లు కనపడయి గదా, నీ బాట నాకెట్ల తెలుస్తది? నీ సొమ్ము నీ తాననే ఉంటది. నా చేతి యేళ్లకు ఒక్కసారి ఆ మొదలు తాకియ్యి."

ఇంత తెలివైన మాట నేను అప్పటిదాకా వినలేదు. అందుకే నాకు అనుమానం వచ్చింది. ఈ ముసలామెకు నిజంగనే కనపడదా? లేక నాటకమా? అత్త పంపితే వచ్చిందా? అవ్వ చెయ్యి పట్టుకొని నడిపిస్తూ ఆమె మొఖమే చూస్తున్న. ఒక దగ్గర, ఇగో పాము అన్నట్టు చప్పున ఆగిపోయిన. అవ్వ కండ్లు కదలలేదు. ఒక దగ్గర బాట ఇడిచి పొదల చుట్టూ తిప్పిన, నీళ్లు పారే ఒర్రె దాటించి మళ్లీ అదే ఒర్రె ఇవతలికి దాటించిన. అవ్వ ఆయాసపడుతూ నిలబడి అన్నది, "గీ రాయి మీదికెల్లి ఇంతకుముందే దాటినం గదనే. నన్ను తిప్పుతే తిప్పినవ్ గని, జర నిమ్మలంగ తిప్పు, ముసలి కాళ్లు." నాకు తల కొట్టేసినట్టు అయింది. అయినా ఇంకొక చుట్టు తిప్పిన. ఆమెకు నా మీద అనుమానం, నాకు ఆమె మీద అనుమానం, ఇద్దరం మాత్రం ఒకరి చెయ్యి ఒకరు ఇడవలేదు.

పుట్ట దగ్గర కూర్చోబెట్టిన. అవ్వ పుట్టను ముందుగా అరచేతులతో చుట్టూ తడిమింది, చంటిపిల్ల నెత్తి తడిమినట్టు. ఆ తర్వాత నా చెయ్యి ఇడిచి తనంత తానే నేలను వెతికింది. ఒక ఆకు తగిలింది. ఆకు ఎత్తింది. కింద మన్ను తగిలింది. మన్ను తీసింది. కోసిన మొదలు తగిలింది. "గీ ఆకు నువ్వేనా కప్పింది?" అన్నది. అవునన్న. అవ్వ మొదలు పక్కన నేలను ఒక వేలితో తొలుచుకుంటూ పోయింది, వేలు, చెయ్యి, మణికట్టు దాటి లోపలికి పోయింది. వేరు తెగలేదు, లోపల చెదల మెత్తటి గూడు దాకా పోయి అందులో కలిసిపోయింది. గూడు తగలంగనే అవ్వ చెయ్యి ఆగింది. మెల్లగా బయటికి తీసి, తొలిచిన మన్ను మళ్లీ నింపి, ఆ ఆకే మళ్లీ పైన కప్పింది. అలాంటి మొదళ్లు ఎన్నో తడిమి చూసింది, అన్నింటికీ అదే పని.

అయినా ఆమెకు తృప్తి లేదు. పుట్ట దిగువన గడ్డిలోకి కూడా చెయ్యి పోనిచ్చింది. అక్కడ ఒక తెల్లటి కొక్కు లేచి ఉండె, నేను ఆనాడు కొయ్యకుండా ఇడిచిపెట్టిన జాతి. అవ్వ ముట్టంగనే వేరు లేకుండా ఊడి చేతిలోకి వచ్చింది. ఆమె మొఖం ఉగ్రమైంది. "మరి గిది?" అన్నది.

"అది దొంగది అవ్వా. అందుకే ముట్టలేదు. మెడకు ఉంగరం ఉంటది చూడు, అట్లాంటిది కొయ్యొద్దని మా అమ్మ చెప్పింది."

అవ్వ బొటనవేలు ఆ కాడ మీద పాకి, ఉంగరం దగ్గర ఆగింది. ఆ ఉంగరం కాడకు అంటుకొని ఉండదు, పైకీ కిందికీ జరుగుతది. అవ్వ దాన్ని మెల్లగా కాడ మీది నుంచి జరిపి, కింది నుంచి తీసి, తన చిటికెన వేలికి తొడుక్కున్నది. నాకు భయమైంది.

"నా చెల్లె ఇట్లనే పెట్టుకున్నది" అన్నది. "కొక్కులు ఏరుకొచ్చి, ఒక్కొక్క దాని ఉంగరం తీసి ఏళ్లకు పెట్టుకొని, అక్కా చూడు, నా లగ్గం అన్నది. నేను కూడ పెట్టుకున్న."

ఇన్నేండ్లు ఆ కొక్కులకు ఉన్న గుర్తు అవ్వ చేతివేళ్లకు తెలుసు. అది గుర్తు అని మాత్రం ఆమెకు ఎవరూ చెప్పలేదు. పక్క ఊరిలో, ఒక పూట నడక దూరంలో, ఆ మాట తెలిసిన ఇండ్లు ఉండె. మా అమ్మ లాంటి వాళ్లు పుట్టనూ చెప్పలేదు, గుర్తునూ చెప్పలేదు, రెండూ ఒక్క ముల్లె కట్టి దాచుకున్నరు. ఆ మాట అవ్వ అనలేదు, ఏడ్వలేదు కూడా. ఉంగరం తీసి గడ్డిలో వేసి, చెంబులో నీళ్లతో చెయ్యి కడుక్కొని, లేపమని నా భుజం పట్టుకున్నది. తిరిగి వచ్చేటప్పుడు నేను ఎక్కడా తిప్పలేదు, సీదా బాటన తోల్కొచ్చిన. "ఇంత దగ్గరనా" అన్నది అవ్వ, అంతే.

ఇంటికొచ్చేసరికి అత్త కొంగు నడుముకు చెక్కి వాకిట్లో నిలబడి ఉండె. అవ్వ కర్ర గోడకు ఆనిచ్చి, "పుట్టున్నది. వేరున్నది. పిల్ల చెయ్యి మంచిది" అన్నది. ఏడున్నది అని అత్త అడిగింది. "నన్నడుగుతవేందే, నాకు కండ్లు కనపడయి గదా" అన్నది అవ్వ. మా ఆయన దొడ్లో నుంచి ఫక్కున నవ్విండు. అత్త ఆయనను చూసిన చూపుకు మళ్లీ ఎడ్ల దగ్గరికి పోయిండు.

పెద్దమనుషుల మాట అక్కడితో ఆగింది. అట్లని అత్త అనుమానం పోయిందనుకోకండ్రి. ఆ అనుమానం కూర్చోవడానికి అవ్వ ఒక పీట వేసింది, అంతే. పీట ఏందంటే, నేను ఎన్ని కొక్కులు కోసినా ఒక్కదాన్ని మాత్రం, పుట్ట అంచున ఉన్నదాన్ని, మెల్లగా వేరుతో సహా తీసి, మన్ను దులపకుండా గంప మీద అందరికీ కనపడేటట్టు పెట్టాలె. మిగతావి కోసినవే ఉండొచ్చు. నా అమ్మ మాట కొంత, ఆ ఇంటి మాట కొంత. ఆ ఏడు మళ్లీ ఉరిమినప్పుడు అట్లనే తెచ్చిన. అత్త ఆ ఒక్కదాన్ని ఎత్తి, వేరు కొన దాకా చూసి, నేను చెప్పిన గుర్తుల ప్రకారం పిండి వాసన చూసి, మెడ తడిమి, లోపలికి తీసుకపోయింది. కూర అయినంక ముందుగాల నాకు పెట్టింది, నేను తినేటప్పుడు నా నోరే చూసింది, నేను తిని చెయ్యి కడుక్కున్నంకనే కొడుక్కు పెట్టింది. ఆమె ఉన్నన్నాళ్లూ అదే తీరు. చివరి ఏండ్లలో మంచంలో ఉన్నప్పుడు కూడా, నేను గంప తెస్తే, పైన ఒక్కటి వేరుతోని ఉన్నదా అని అడిగేది. ఉన్నది అత్తా అని చేతిలో పెడితే, తడిమి, నువ్వు తిన్నవా అనేది. మొదట్లో ఆ మాట నాకు ముల్లు తీరుగ గుచ్చేది. పోను పోను, నేను తిన్ననో లేదో కనుక్కునే మనిషి ఇంట్లో ఆమె ఒక్కతే అని అర్థమైంది. రెండూ ఒకే మాటలో ఎట్ల ఇమిడినయో నాకు ఇప్పటికీ తెలవదు.

కోడలు కవరుకు ముడి వేసిన నాడు ఇదంతా నా కండ్ల ముందు తిరిగింది. మా అత్త గంప బోర్లించినట్టు నేను ఆ కవరు పారెయ్యలేదు. పద బిడ్డా, ఆ బుట్టామెను ఇద్దరం అడుగుదాం అన్న. వానలోనే ఆటో ఎక్కి సుచిత్ర పోయినం. బుట్టామె బస్టాపు పక్కన గొడుగు కింద ఉన్నది, నడీడు మనిషి. ఏడియి తల్లీ ఇవి అంటే శామీర్‌పేట అడవివి పెద్దమ్మా అన్నది. నాది శామీర్‌పేటనే, ఏ దిక్కు అన్న. ఆమె నా దిక్కు చూసి మొఖం పక్కకు తిప్పుకున్నది. "అడవి అడవే గద పెద్దమ్మా, దిక్కెందుకు? కొంటె కొనుండ్రి, లేకుంటె పోండ్రి."

ఆ తిప్పుకున్న మొఖం చూసి నేను నిలబడిపోయిన. అది నా వాకిట్లో నేను వంచిన మొఖమా? తల్లి ఇచ్చిన పుట్టను దాచుకుంటున్న బిడ్డ మొఖమా? లేక జవహర్‌నగర్ చెత్త గుట్టల పక్కన గడ్డిలో లేచినవి ఏరి, అడవి పేరు చెప్పి అమ్ముతున్న మనిషి మొఖమా? రెండూ ఒక్క తీరుగనే ఉంటయి. రేపు వేరుతోని ఒక్కటి తెస్తవా, ఎంతంటే అంతకు కొంట అన్న. తెస్త అన్నది. నాలుగైదు దినాలు కోడలే పోయి చూసొచ్చింది. బుట్టామె లేదు, ఆ జాగాలో ఎవరో మక్కకంకులు కాలుస్తున్నరట. కవరులోవి అప్పటికే నల్లబడి నీరు కారినయి. వాటిని కోడలే పారేసింది. ఆ మనిషి మంచిదో కాదో నాకు ఈనాటికీ తెలవదు, ఆమెను ఉత్తగ అనుమానించిన్నేమో అన్నది కూడా తెలవదు.

ఆ వెనుక ఒక లగ్గానికి కోడలూ నేనూ శామీర్‌పేట దిక్కు పోతుంటే, కారు అద్దంలో నుంచి ఒక పొడుగాటి గోడ, రంగులేసిన కమాను, ఇనుప గేటు కనపడ్డయి. లోపల ప్లాట్లకు పాతిన తెల్లటి రాళ్లు, నడుమ కోసిన పచ్చగడ్డి. కోడలు మా ఇంటికి రాకముందే ఆ గోడ లేచింది. నాకు ఆడబిడ్డలు పుట్టలేదు, కొడుకులే. అమ్మ కట్టు ప్రకారం నేను ఎవరికీ చెప్పలేదు, చెప్పాల్సిన మనిషి పుట్టలేదు. ఆ దినం వేలు చూపించి చెప్పిన. గేటు నుంచి లోపలికి, ఆ నీళ్ల ట్యాంకు ఉన్నది చూడు, దానికి జర కుడిపక్క, అక్కడనే ఉండె మా అమ్మ నాకిచ్చిన పుట్ట. కోడలు కారు పక్కకు ఆపి, అద్దం దించి, చాలాసేపు చూసింది. ఎవరికీ చెప్పను అత్తమ్మా అన్నది. పిచ్చిది. ఆ మాట అన్నందుకు నాకు కండ్లలో నీళ్లు తిరిగినయి.

ఆనాడు కూడా మనుషులు ఒకరినొకరు అనుమానించేటోళ్లే, అందులో మనం గొప్పలు చెప్పుకునేది ఏమీ లేదు. కాకపోతే ఆనాటి అనుమానానికి ఒక బాట ఉండె. ఎక్కడిది అని అడిగితే, చెయ్యి పట్టుకొని నడిచి పోయి, నేలలో వేలు పెట్టి చూసి, ఇంటికి వచ్చి అన్నం తినేటోళ్లం. ఇప్పుడు మన వంటింట్లోకి వచ్చే వస్తువు ఏ నేలలో లేచిందో అడగడానికి మనిషి లేదు, పోయి తడమడానికి పుట్ట లేదు. అనుమానం మాత్రం ఇంట్లోనే మిగిలిపోయింది, అది ఎక్కడికి పోవాలె?

ఇంతసేపు ఓపిగ్గా కూర్చొని విన్నరు, సల్లగుండుండ్రి. మీ పొయ్యి మీదికి ఎక్కే ప్రతి కూరకూ వేరు కనపడుగాక. మీ వాకిట్లోకి గంప తెచ్చిన కొత్త పిల్లను ముందు కూర్చోబెట్టి, నీళ్లిచ్చి, ఆ తర్వాతనే అడిగే ఓపిక మీ ఇంటికి ఉండుగాక. నువ్వు తిన్నవా అని అడిగే మనిషి మీ ఇంట్లో ఎన్నటికీ తక్కువ కాకుండుగాక.